దయ్యమా, జబ్బా? కాథలిక్ తిరుసభ ‘తొందరపడి నమ్మొద్దు’ అనే దగ్గరికి ఎలా వచ్చింది

ప్రశ్న అడిగిన అమ్మాయి రాసింది క్లుప్తంగా ఇదీ: వాళ్ళ పిన్ని కూతురు, ఇంటర్ చదివే పిల్ల, మూడు నెలలుగా ఉన్నట్టుండి పడిపోతోంది, గొంతు మార్చి మాట్లాడుతోంది, జపమాల చూపిస్తే విసిరికొడుతోంది. ఇంట్లో అందరూ కాథలిక్కులు, చుట్టుపక్కల వాళ్ళు దయ్యం పట్టిందంటున్నారు. అసలు కాథలిక్ చర్చిలో దయ్యమే అని ఎలా తేలుస్తారు, ఆ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది, తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి అని.

నేను చిన్నప్పుడు కొన్నాళ్ళు సెమినరీలో చదువుకుని ఫాదర్ అవ్వకుండా బయటికొచ్చేశాను, కానీ తర్వాత పాతికేళ్ళ పైగా బ్రదర్స్‌కి, అంటే ఫాదర్ అవ్వడానికి చదివేవాళ్ళకి, తిరుసభ చరిత్ర, కొంచెం లాటిన్ చెప్పాను, కాబట్టి ఈ విషయం గురించి నాకు తెలిసింది రాస్తాను, కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా ఒక మాట చెప్పి అప్పుడు చరిత్రలోకి వెళ్తానమ్మా. 1614లో పోప్ 5వ పౌలు గారి కాలంలో రోములో ఒక పూజావిధుల పుస్తకం వచ్చింది, రితువాలె రోమానుమ్ అంటారు, దాని తర్వాత మూడున్నర శతాబ్దాల పైన గురువులు, అంటే ఫాదర్లు, అదే వాడారు. అందులో దయ్యం వెళ్ళగొట్టే అధ్యాయం తెరిస్తే గురువుకి చెప్పిన మొట్టమొదటి పని ఏంటో తెలుసా, సిలువ ఎత్తమని కాదు, పవిత్ర జలం చల్లమని కాదు. ‘ఇన్ ప్రీమిస్ నే ఫాచిలే క్రేదాత్’ అని ఉంటుంది. అంటే అన్నిటికంటే ముందు, ఫలానా మనిషికి దయ్యం పట్టిందని తేలిగ్గా నమ్మేయకు అని. నేను ఏటా కొత్త బ్యాచ్‌కి ఈ ఐదు ముక్కలు బోర్డు మీద రాసి పక్కన ఇంకేమీ రాయకుండా వదిలేసేవాణ్ణి. ఈ వాక్యం ఊరికే రాలేదు, తిరుసభ చాలాసార్లు మోసపోయి, నవ్వులపాలై, కొన్నిసార్లు మనుషుల ప్రాణాల మీదకి తెచ్చి, అప్పుడు నేర్చుకున్న పాఠం ఇది.

సువార్తల దగ్గర మొదలుపెడితే, యేసు ప్రభువు దయ్యాలను వెళ్ళగొట్టిన సంగతులు చాలా ఉన్నాయి, గెరాసేనుల దేశంలో సమాధుల్లో తిరిగేవాడు, ‘నా పేరు సేన’ అన్నవాడు, అందరికీ తెలిసిందే. కానీ మనవాళ్ళు గమనించని సంగతి ఒకటుంది. మత్తయి 4వ అధ్యాయంలో ప్రభువు దగ్గరికి తెచ్చినవాళ్ళ లిస్టు ఇస్తూ, పాత తెలుగు బైబిల్‌లో ‘దయ్యముపట్టిన వారిని, చాంద్రరోగులను, పక్షవాయువుగల వారిని’ అని విడివిడిగా చెప్తారు. చాంద్రరోగి అంటే మూర్ఛలు వచ్చేవాడు, చంద్రుడి కళల్ని బట్టి మూర్ఛలొస్తాయని అప్పటి నమ్మకం. అంటే మొదటి శతాబ్దంలోనే దయ్యం వేరు, మూర్ఛ వేరు అనే స్పృహ ఉంది. మళ్ళీ అదే మత్తయి 17వ అధ్యాయంలో చాంద్రరోగి అన్న పిల్లవాడిలోంచే దయ్యం వెళ్ళిపోయిందని కూడా ఉంది, అంటే రెండూ ఒకే మనిషిలో కలిసి కనిపించొచ్చు, గీత గీసినంత తేలిక కాదన్నమాట. అదే సంఘటన మార్కు రాసినప్పుడు ప్రభువు ఏం చేశాడు? వెంటనే గద్దించలేదు, తండ్రిని అడిగాడు, ఇది వీడికి ఎన్నాళ్ళ నుంచి ఉంది అని. చిన్నప్పటి నుంచీ ఉందండి, చాలాసార్లు నిప్పుల్లోనూ నీళ్ళల్లోనూ పడేసింది అని తండ్రి చెప్పాడు. డాక్టరు దగ్గరికెళ్తే మొదట అడిగేదీ అదే ప్రశ్న కదా. నాకు ఆ వచనం చదివినప్పుడల్లా మనసు ఆగుతుంది.

తొలి శతాబ్దాల్లో తేల్చడం అనేది పెద్ద సమస్యగా ఎవరూ చూడలేదు. యేసు నామం పలికితే దయ్యం ఒప్పుకుంటుంది, వెళ్ళిపోతుంది, అదే రుజువు. ఆ పని చేయడానికి ప్రత్యేకంగా మనుషులుండేవాళ్ళు, 251లో పోప్ కొర్నేలియుస్ రాసిన ఉత్తరంలో రోము సంఘంలో ఎవరెవరు ఎంతమంది ఉన్నారో లెక్క ఉంది, గురువులు 46 మంది, ఇంకా దయ్యాలను వెళ్ళగొట్టేవాళ్ళు, పాఠకులు, తలుపు కాసేవాళ్ళు అందరూ కలిపి 52 మంది. తర్వాత 416లో పోప్ 1వ ఇన్నోసెంట్, గుబ్బియో బిషప్ దెకెంతియుస్‌కి రాస్తూ ఇలాంటివాళ్ళ మీద చేతులుంచాలంటే బిషప్ గారి అనుమతి ఉండాలన్నారు. ఈ 416 నాటి మాట గుర్తుపెట్టుకోండి, ఇప్పటికీ కాథలిక్ పద్ధతి అంతా ఆ మేకుకే వేలాడుతోంది.

మధ్యయుగాల్లో ప్రశ్న మారిపోయింది, ఇది చాలామందికి తెలియదు. అప్పుడు వాళ్ళు బుర్ర బద్దలు కొట్టుకున్నది జబ్బా దయ్యమా అని కాదు, దేవుడి ఆత్మా దయ్యపు ఆత్మా అని. ఒకావిడ ఒళ్ళు తెలియకుండా పడిపోయి దర్శనాలు చూసి భవిష్యత్తు చెప్తోంది, ఆవిడ పునీతురాలా లేక దయ్యం ఆడిస్తోందా? బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. స్వీడన్‌కి చెందిన బ్రిజిత్ అనే ఆవిడ దర్శనాల మీద పెద్ద గొడవ నడిచింది, 1415లో కాన్‌స్టెన్స్ మహాసభలో పారిస్ యూనివర్సిటీ చాన్సలర్ జాన్ జెర్సన్ ఆత్మలను పరీక్షించడం మీదే ఒక గ్రంథం రాశాడు. ఆయన అడగమన్న ప్రశ్నల తీరు ఇలా ఉంటుంది: ఈ దర్శనం ఎవరికి వచ్చింది, ఏం చెప్తోంది, ఎందుకొచ్చింది, ఎవరికి చెప్పుకున్నారు, ఆ మనిషి బతుకు ఎలాంటిది, ఎక్కడి నుంచి వచ్చింది. పరీక్షించండి, ప్రతి ఆత్మనూ నమ్మకండి అని యోహాను మొదటి లేఖలో ఉన్న మాటకి అదొక ప్రశ్నాపత్రం అనుకోండి. తర్వాత దయ్యం పట్టినవాళ్ళ విచారణకీ ఇదే అలవాటు పనికొచ్చింది. ఒక్క మాట మాత్రం బాధగా చెప్పాలి, ఈ పరీక్షల్లో ఆడవాళ్ళను చూసే చూపు చాలా అన్యాయంగా ఉండేది, ఆడమనిషి మాటంటేనే ముందు అనుమానం, జెర్సన్ కూడా దానికి అతీతుడు కాదు.

ఈలోపు తోమస్ అక్వినాస్ లాంటి వేదాంతులు ఇంకో పని చేసిపెట్టారు, అది అసలు పునాది. దయ్యమంటే పడిపోయిన దేవదూత, ఒళ్ళు లేని బుద్ధి. మనిషి శరీరాన్ని కదిలించగలదు, ఊహల్ని రేపగలదు, కానీ మనిషి సంకల్పంలోకి నేరుగా చొరబడలేదు. సరే, అలాంటిది ఒక మనిషిలో ఉంటే బయటికి ఎలా తెలియాలి? ఆ మనిషికి ఉండకూడని తెలివి, ఉండకూడని బలం కనిపించాలి. జబ్బు మనిషిలో ఉన్నదాన్ని తగ్గిస్తుంది, చెదరగొడుతుంది, అంతేగానీ చదువురాని వాడికి గ్రీకు భాష నేర్పదు కదా. లాజిక్ అంతా ఇక్కడుంది. అరవడం, పొర్లడం, నురగ కక్కడం, గొంతు మారడం ఇవి ఎంత భయపెట్టినా గుర్తులు కావు, ఎందుకంటే అవన్నీ జబ్బు కూడా చేయగలదు.

దీనికి డాక్టర్ల వైపు నుంచీ సాక్ష్యం వచ్చింది. 16వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో పేరున్న వైద్యుడు జాన్ ఫెర్నెల్ ఒక యువకుడి కేసు రాశాడు, మూర్ఛ అనుకుని నెలల తరబడి మందులిచ్చారు, మూడో నెలలో అతను తనకి రాని గ్రీకు మాట్లాడాడట, అప్పుడు దయ్యమన్నారు. అదే కాలంలో లెవినుస్ లెమ్నియుస్ అనే ఇంకో డాక్టరు, జ్వరం తలకెక్కినప్పుడు మనిషి నేర్చుకోని మాటలు కూడా పలకొచ్చు, దానికి దయ్యం అక్కర్లేదు అన్నాడు. అంటే భాష గుర్తు మీద కూడా అప్పుడే వాదన ఉంది. పైగా ఒంట్లో నల్లపిత్తం అనే ద్రవం ఉంటుందని అప్పటి వైద్యుల నమ్మకం, అది ఎక్కువైతే మనిషి దిగులుతో పిచ్చివాడవుతాడని, ఆ పిత్తమే దయ్యం స్నానం చేసే నీళ్ళని ఒక సామెత ఉండేది, అంటే జబ్బు ఉన్నచోటే దయ్యం కూడా చేరొచ్చని. ఇలా రెండూ కలగలిసిపోయి ఉన్న కాలం అది.

ఇప్పుడు అసలు మలుపు. ప్రొటెస్టెంట్ ఉద్యమం వచ్చాక భూతోచ్చాటన, అంటే దయ్యాన్ని వెళ్ళగొట్టే విధి, కాథలిక్కులకి ఒక ఆయుధం అయిపోయింది. 1566లో ఫ్రాన్స్‌లోని లావోఁ కెథడ్రల్‌లో నికోల్ ఒబ్రీ అనే కొత్తగా పెళ్ళయిన చిన్నపిల్లని స్టేజి కట్టి మరీ రోజూ జనం ముందు ఉచ్చాటన చేశారు, ఆమెలోని బయెల్జెబూలు అనే దయ్యాల నాయకుడు దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) చూసి వణికిపోయాడని, హ్యూగెనోలు, అంటే ఫ్రాన్స్ ప్రొటెస్టెంట్లు, తన మనుషులే అన్నాడని ప్రచారం. జనం వేలల్లో వచ్చారు. ఒక కాథలిక్కుగా ఇది రాయడం నాకు సంతోషం కాదు, జబ్బుతోనో భయంతోనో ఉన్న ఒక పిల్లని వాదనలో గెలవడానికి వాడుకున్నారు.

ఆ తరహా వ్యవహారానికి బ్రేకు వేసింది మార్త్ బ్రొసియె కేసు. దీన్ని కాస్త దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది. ఈవిడది రొమొరాంతాఁ అనే ఊరు, వయసు పాతికేళ్ళు దాటింది, తనలో దయ్యం ఉందని ఊరూరా తిప్పుతున్నారు. 1598లో ఆంజే బిషప్ షార్ల్ మిరోఁ దగ్గరికి తీసుకొచ్చారు. ఆయన బిషప్, దయ్యాలున్నాయని నమ్మే మనిషే. ఆయనేం చేశాడంటే పవిత్ర జలాన్ని మామూలు నీళ్ళలాగా ఇచ్చాడు, ఆవిడ నిమ్మళంగా తాగేసింది. మామూలు నీళ్ళని పవిత్ర జలంలాగా చూపించాడు, గిలగిల కొట్టుకుంది. ఒక మామూలు తాళంచెవిని గుడ్డలో చుట్టి నిజమైన సిలువ ముక్క అన్నట్టు ముట్టించాడు, మళ్ళీ అదే గోల. చివరికి ఉచ్చాటన పుస్తకం తెమ్మని చెప్పి, గంభీరంగా లాటిన్ చదవడం మొదలుపెట్టాడు, ఆవిడ నేల మీద పడి దొర్లింది. ఆయన చదివింది పాత రోమన్ కవి వర్జిల్ కావ్యంలో మొదటి పాదం. మన దగ్గర ఎవరైనా మంత్రం అని చెప్పి పోతన పద్యం చదివినట్టు. ఇంటికి తీసుకెళ్ళమని పంపించేశాడు.

అక్కడితో ఆగలేదు, 1599లో పారిస్ తీసుకొచ్చారు. ముందు ఏడాదే రాజు 4వ హెన్రీ నాంత్ శాసనంతో హ్యూగెనోలకి హక్కులిచ్చాడు, ఈవిడ నోట దయ్యం హ్యూగెనోలను తిడుతోంది, ఊరంతా అంటుకునేలా ఉంది. పారిస్ బిషప్ డాక్టర్లని పిలిపించాడు, వాళ్ళలో మిషెల్ మారెస్కో పెద్ద. ఒకాయన గ్రీకులో అడిగాడు, మారెస్కో లాటిన్‌లో అడిగాడు, జవాబు లేదు, ఇది దానికి తగిన చోటు కాదంది. ఇంకో రోజు ఉచ్చాటన చేస్తున్న గురువు, ఎవరికైనా అనుమానం ఉంటే ప్రాణాలకి తెగించి ఈ దయ్యాన్ని ఆపి చూడండి అని సవాలు చేశాడు, మారెస్కో లేచి వెళ్ళి ఆవిడ మెడ ఒడిసిపట్టి కదలకుండా నొక్కి ఉంచాడు, కదలలేకపోయింది. దయ్యం వెళ్ళిపోయిందంది. ఆయన తన రిపోర్టులో తేల్చింది ఏంటంటే జబ్బు కొంత, నటన ఎక్కువ, దయ్యం ఏమీ లేదు అని. ఆవిడ మాటల వల్ల గొడవలవుతాయని చివరికి సొంతూరికి పంపేశారు.

ఇక్కడ రెండు విషయాలు. ఒకటి, తిరుసభలో అందరూ దీన్ని ఒప్పుకోలేదు, కొందరు డాక్టర్లే దయ్యమని సంతకం పెట్టారు, తర్వాత కార్డినల్ అయిన పియెర్ ద బెర్యూల్ అదే ఏడాది మారెస్కోకి ఎదురుగా మారుపేరుతో పుస్తకం రాశాడు. రెండోది నా సొంత అభిప్రాయం, మారెస్కో నటన అన్నాడు గానీ నాకు అది కూడా తొందరపాటే అనిపిస్తుంది. మామూలు నీళ్ళకి ఆవిడ కొట్టుకుందంటే దయ్యం లేదని తేలింది, అంతవరకే. ఆవిడ కావాలని చేసిందని తేలలేదు. నమ్మకమే ఒంటిని అలా ఆడించగలదని ఇవాళ ఏ సైకియాట్రిస్టునడిగినా చెప్తాడు. దయ్యం కాకపోతే నాటకం అనే రెండే తలుపులు పెట్టుకుంటే మధ్యలో రోగి నలిగిపోతుంది.

ఆ కాలంలో ఉచ్చాటన చేసేవాళ్ళకి చేతిపుస్తకాలు చాలా ఉండేవి, ఇటలీలో జిరోలమొ మెంగి అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి రాసినవి బాగా చెలామణి అయ్యాయి, పొగలు వేయడాలు, మందులు పట్టించడాలు, అబ్బో చాలా ఉండేవి. ఎవరికి తోచినట్టు వాళ్ళు. తర్వాత తర్వాత ఆయన పుస్తకాలని రోమే నిషేధించింది. ఈ గందరగోళం అంతా అయ్యాక వచ్చింది 1614 పుస్తకం, ఇప్పుడు దాని నియమాలు చదివితే ఒక్కొక్కటి దేనికి దెబ్బతిని రాశారో తెలుస్తుంది. తేలిగ్గా నమ్మకు. నల్లపిత్తంతోనో ఇంకేదైనా రోగంతోనో బాధపడేవాళ్ళకీ దయ్యం పట్టినవాళ్ళకీ తేడా తెలిసి ఉండాలి. గుర్తులు ఏంటంటే తెలియని భాషలో ఎక్కువ మాటలు మాట్లాడటం, లేదా ఎవరైనా మాట్లాడితే అర్థం చేసుకోవడం, దూరంగా ఉన్నవీ దాచినవీ బయటపెట్టడం, వయసుకీ స్థితికీ మించిన బలం చూపించడం. ఇలాంటివి చాలా ఒకచోట కలిస్తేనే బలమైన సూచన. ‘ఎక్కువ మాటలు’ అన్న ముక్క చూడండి, చర్చిలో రోజూ విన్న రెండు లాటిన్ మాటలు అప్పజెప్తే సరిపోదు. జనం ముందు చేయొద్దు, రోగి ఆడమనిషైతే దగ్గరి బంధువుల్లో మర్యాదస్థులు పక్కనుండాలి, దయ్యంతో కబుర్లు పెట్టుకోవద్దు, భవిష్యత్తు అడగొద్దు. గురువు మందులు ఇవ్వొద్దు, అది డాక్టర్ల పని. ఈ చివరిది చెప్పినప్పుడు మా బ్రదర్స్ ఆశ్చర్యపోయేవాళ్ళు, 400 ఏళ్ళ కిందట రోము పుస్తకంలో ఇలా ఉందా అని.

రూలు రాసినంత మాత్రాన పాటిస్తారా అంటే, లేదు. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే లూదాఁ జరిగింది. ఉర్సులైన్ కన్యకామఠంలో సిస్టర్లకి దయ్యాలు పట్టాయన్నారు, ఊరి గురువు ఉర్బేఁ గ్రాందియె చేతబడి చేశాడని ఆ దయ్యాల చేతే చెప్పించారు. పరీక్షలో మఠం పెద్ద అయిన మదర్‌ని లాటిన్‌లో ‘ఎవరిని ఆరాధిస్తావు’ అనడిగితే జవాబులో విభక్తి తప్పు చెప్పింది, దయ్యానికి వ్యాకరణం రాదేంటని అక్కడున్నవాళ్ళలో ఎవరో అన్నారట, దయ్యాల్లో కూడా చదువులేనివి ఉంటాయని సర్దిచెప్పారని ఆ కాలం రాతల్లో ఉంది. అబద్ధానికి తండ్రి అని ప్రభువే చెప్పిన సైతాను సాక్ష్యం మీద, 1634 ఆగస్టు 18న, ఒక గురువుని సజీవంగా తగలబెట్టారు. వెనక ఫ్రాన్స్ రాజు మంత్రి కార్డినల్ రిషెల్యూ రాజకీయం ఉంది, ఊరి పగలున్నాయి, అవన్నీ నిజమే, కానీ పుస్తకంలో మొదటి రూలు పాటించి ఉంటే ఆ రాజకీయానికి పనిముట్టు దొరికేది కాదు.

తర్వాత 1774, 75ల్లో జర్మన్ దేశాల్లో యోహాన్ యోసెఫ్ గాస్నర్ అనే గురువు దగ్గరికి వేలమంది రోగులు వెళ్ళారు. ఈయనదీ ఒక పరీక్షే, యేసు నామంలో దయ్యాన్ని ఆజ్ఞాపిస్తాడు, ఈ మనిషికి ఇప్పుడు నొప్పి తెప్పించు, ఇప్పుడు మూర్ఛ తెప్పించు అని. వస్తే దయ్యం, రాకపోతే డాక్టరు దగ్గరికి పో. వినడానికి బాగుంది కదా, డాక్టర్ల వాటా డాక్టర్లకి వదిలేశాడు. కానీ నమ్మకంతో వచ్చిన మనిషికి గట్టిగా ‘వణుకు’ అంటే వణకడా? 1775లో మెస్మర్ అనే డాక్టరు మ్యూనిక్‌లో దయ్యం పేరెత్తకుండా అవే లక్షణాలు తెప్పించి చూపించాడు. 1776లో పోప్ 6వ పయస్ గాస్నర్ పద్ధతిని తప్పుపట్టి, చేసేదేదైనా రితువాలె ప్రకారం, జనంలో కాకుండా చేయమన్నారు. రోగికి సూచన ఇచ్చే పరీక్ష పరీక్షే కాదు, మిరోఁ చేసినట్టు రోగికి తెలియకుండా చేస్తేనే పరీక్ష. ఇవాళ మన స్వస్థత కూటాల్లో మైకు పట్టుకుని ‘దురాత్మా బయటికి రా’ అనగానే వరుసగా పడిపోయేవాళ్ళని చూసినప్పుడు నాకు గాస్నరే గుర్తొస్తాడు.

20వ శతాబ్దం సంగతి త్వరగా చెప్తాను. 1917 తిరుసభ చట్టంలో బిషప్ గారి ప్రత్యేక అనుమతి, జాగ్రత్తగా విచారణ చేశాకే అని రాశారు, 1983 చట్టంలో 1172వ నియమం అనుమతి సంగతి మళ్ళీ చెప్తుంది. రితువాలె 1952 ముద్రణలో నల్లపిత్తం మాట తీసేసి ‘ముఖ్యంగా మానసికమైన రోగాలు’ అని మార్చారు, అంతకుముందు ‘గుర్తులు ఇవి’ అని ఉన్నదాన్ని ‘గుర్తులు ఇవి కావచ్చు’ అన్నారు. లాటిన్‌లో ఒక క్రియ మారింది అంతే, కానీ ఎంత దూరం జరిగారో చూడండి.

అయినా 1976లో జర్మనీలో అన్నెలీస్ మిషెల్ చనిపోయింది, 23 ఏళ్ళు. మూర్ఛ రోగమని డాక్టర్లు ముందే చెప్పారు, మందులు వాడింది. 1975లో బిషప్ అనుమతితోనే ఇద్దరు గురువులు ఉచ్చాటన మొదలుపెట్టారు, 67 సార్లు చేశారు, పిల్ల తిండి మానేసింది, చనిపోయేనాటికి 31 కిలోలు. 1978లో తల్లిదండ్రులకీ ఇద్దరు గురువులకీ నిర్లక్ష్యం వల్ల మరణానికి కారణమయ్యారని ఆరు నెలల శిక్ష వేసి, దాన్ని అమలు చేయకుండా నిలిపి ఉంచారు. అనుమతి కాగితం ఉంది, ప్రార్థన ఉంది, ప్రేమ కూడా ఉంది, డాక్టరు మాత్రం గదిలో లేడు. నేను ఈ కేసు చెప్పేటప్పుడు క్లాసులో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

1999లో ఉచ్చాటనకి కొత్త పూజావిధి వచ్చింది. పాత మూడు గుర్తులూ ఉంచారు, వాటికి తోడు దేవుడన్నా యేసు నామమన్నా మరియమాత అన్నా పవిత్ర వస్తువులన్నా తీవ్రమైన విముఖత కూడా చూడమన్నారు. వైద్యంలో, సైకియాట్రీలో నిపుణుల్ని, ఆధ్యాత్మిక విషయాల స్పృహ ఉన్నవాళ్ళని, సంప్రదించాలని, నైతికంగా నిశ్చయం కలిగితే తప్ప ముందుకెళ్ళొద్దని రాశారు. ఇంకో మాట మన ఊళ్ళ కోసమే రాసినట్టుంటుంది: నాకెవరో శాపం పెట్టారు, చెరుపు చేశారు అని నమ్మేవాళ్ళకి ఆధ్యాత్మికంగా సాయం చేయండి, ప్రార్థించండి, కానీ ఉచ్చాటన చేయొద్దు. 2000లో రోము ఇంకో ఉత్తర్వులో స్వస్థత కూటాల్లో ఉచ్చాటన ప్రార్థనలు కలపొద్దని కూడా చెప్పింది. కాబట్టి అమ్మా, మీ విచారణ (పారిష్) ఫాదర్ గారు తలమీద చేయి పెట్టి ప్రార్థన చేయొచ్చు, రోగుల అభ్యంగనం (నూనె పూసి చేసే ప్రార్థన) ఇవ్వొచ్చు, దివ్యసత్ప్రసాదం ఇవ్వొచ్చు, కానీ బిషప్ గారి అనుమతి లేకుండా ఉచ్చాటన చేయడానికి ఆయనకి అధికారం లేదు. ఎవరైనా డబ్బు తీసుకుని, కొట్టి, పస్తులుంచి దయ్యం వదిలిస్తామంటే అది కాథలిక్ పద్ధతి కానే కాదు, పిల్లని అక్కడి నుంచి తీసుకొచ్చేయండి.

జపమాల విసిరికొడుతోంది కదా, అది విముఖత గుర్తు కాదా అని మీరడుగుతారు. దానికి నేను చూసిందొకటి చెప్తాను. నేను బ్రదర్‌గా ఉన్నప్పుడు వేసవిలో గుంటూరు జిల్లాలో ఒక విచారణకి పంపారు. ఆదివారం పూజ అయ్యాక తొమ్మిదో తరగతి పిల్లని నలుగురు మగవాళ్ళు పట్టుకుని గుడికి తీసుకొచ్చారు, చేతుల మీద వాళ్ళు పట్టుకున్న చోట కమిలిపోయి ఉంది. పెద్ద వయసు ఫాదర్ గారు, అందర్నీ బయటికి పంపి తల్లినీ ఒక సిస్టర్ గారినీ నన్నూ ఉంచారు, ముందు ఆ చేతులు వదలమన్నారు. కుండలో నీళ్ళు చెంబులో ముంచి, ఏమీ ప్రార్థించకుండానే పెద్దగా సిలువ గుర్తు వేసి చల్లారు. పిల్ల కేక పెట్టి విరుచుకుపడింది. కాసేపయ్యాక గుణదల నుంచి తెచ్చిన పవిత్ర జలాన్ని మామూలు స్టీలు గ్లాసులో పోసి దాహమేస్తుందేమో ఇవ్వమ్మా అని తల్లి చేతికిచ్చారు. గటగటా తాగేసి ఇంకొంచెం అడిగింది.

ఫాదర్ గారు ఆ పిల్లని మందలించలేదు, దొరికిపోయావన్నట్టు చూడను కూడా లేదు. తల్లిని అడగడం మొదలుపెట్టారు, ఎన్నాళ్ళ నుంచి, నిద్రలో వస్తుందా, నాలుక కొరుక్కుంటుందా, పక్క తడుస్తుందా. తెల్లవారుజామున వస్తుందండి, నాలుక కొరుక్కుంటుంది, పక్క కూడా తడుస్తుంది అని తల్లి ఏడ్చింది, అప్పటిదాకా సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు ఆయనే బస్సు ఛార్జీలిచ్చి నన్ను తోడు పంపించారు. పట్నంలో నరాల డాక్టరు చెప్పిందేంటంటే తెల్లవారుజామున వచ్చేవి నిజమైన మూర్ఛలు, పగలు జనంలో వచ్చేవి భయంతో వచ్చేవి, ఒకే పిల్లలో రెండూ ఉండొచ్చు అని. అందరూ దయ్యం దయ్యం అంటుంటే ఆ పిల్ల కూడా నమ్మేసింది, సిలువ చూస్తే తనకేదో అవ్వాలని ఆ పిల్ల ఒంటికే అనిపించేది. మాత్రలు మొదలుపెట్టారు. ఫాదర్ గారు నెలకోసారి వాళ్ళింటికెళ్ళి ప్రార్థన చేసేవారు, మాత్రల అట్ట తీసి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టేవారు కూడా.

మీ చెల్లి విషయంలో చేయాల్సింది ఇదీ. ఈసారి వచ్చినప్పుడు ఎవరో ఒకరు ఫోన్‌లో వీడియో తీయండి, ఎన్ని నిమిషాలుందో చూడండి, కళ్ళు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా, నాలుక కొరుక్కుందా, లేచాక ఎంతసేపు మగతగా ఉంది, నిద్రలో కూడా వస్తుందా ఇవన్నీ ఒక కాగితం మీద తేదీలతో రాయండి. వచ్చినప్పుడు నోట్లో ఏమీ పెట్టొద్దు, గట్టిగా పట్టుకోవద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆ వీడియో, కాగితం పట్టుకుని న్యూరాలజిస్టు దగ్గరికి, ఆయన చెప్తే సైకియాట్రిస్టు దగ్గరికి. ఆ వయసు ఆడపిల్లల్లో మెదడు వాపు జబ్బు ఒకటి అచ్చం ఇలాగే గొంతు మార్పులతో, పిచ్చి మాటలతో మొదలవుతుంది, 2007లో గానీ డాక్టర్లు దాన్ని సరిగ్గా గుర్తించలేదు, త్వరగా పట్టుకుంటే మందులున్నాయి, కాబట్టి మూడు నెలలు ఆగారు, ఇక ఆగొద్దు. ఫాదర్ గారిని ఇంటికి పిలవండి, ప్రార్థన చేయించుకోండి, రిపోర్టులు వచ్చాక ఆయనకి కూడా చూపించండి, ఆయన బిషప్ గారికి రాయాలన్నా ముందు అడిగేది ఆ రిపోర్టులే. ఇంట్లో పిల్ల ముందు దయ్యం అనే మాట మాత్రం ఈ రోజు నుంచే ఆపేయండి, ముఖ్యంగా పిన్ని గారికి చెప్పండి.